ఎనిమిది గుంతల పెట్టె

ఆ ఎండాకాలం మా ఇంట్లో నాలుగు మాటలు లేస్తే మూడు డీజే మీదనే. మిగిలిన ఒకటి కరెంటు మీద. ఆఖరుకు ఆ రెండు మాటలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి.

మా మనవరాలు అర్చన నంద్యాలలో డిగ్రీ ముగించుకోని, పరుపు చుట్ట, పుస్తకాల సంచి, ఒక లాప్‌టాపు ఎత్తుకోని ఆళ్లగడ్డ కాడ మా పల్లెకు వచ్చింది. తెచ్చిన బట్టలింకా ఉతకనే లేదు, అన్నం కాడ కూర్చోని వాళ్ల నాయనతో చెప్పేసింది.

"నాయనా, నేను పెండ్లిళ్లకు డీజే కొడతా."

మా రాజశేఖరు ముద్ద చేతిలోనే పెట్టుకోని, "ఏందీ?" అన్నాడు.

"డీజే. నంద్యాలలో సాల్మన్ రాజన్న కాడ బాక్సులుండాయి, బండి ఉండాది. పాటలు కలిపే మనిషి లేడంట. నేను హాస్టల్లోనే నేర్చుకున్యా."

"బాక్సుల బండెక్కి నిలబడతావా? మొగపిల్లోళ్లు తాగి ఎగురుతాంటే?"

"వాళ్లు కింద ఎగురుతారు నాయనా. నేను పైన ఉంటా."

మా కోడలు సుకన్య చెంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వు మింగింది. మా వాడు మింగలే. చెయ్యి కడుక్కోని లేచిపోయినాడు.

మా రాజశేఖరు గట్టోడు. కూతురు ఆ గట్టితనాన్నే ఇంకొంచెం ఎక్కువ ఎత్తుకోని పుట్టింది. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఇంట్లో తిరుగుతాంటే నడుమ నేను, సుకన్య చాకిరేవు గాడిదల మాదిరి అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తిమి. "మీ నాయనకు మజ్జిగ కావాలేమో అడుగు." "ఆమెకు చెప్పు, మజ్జిగ తాగినా." ఇట్ల కొన్నాళ్లు జరిగినాక మా వాడే దిగొచ్చినాడు. దిగొచ్చినా మెట్టు మెట్టుకూ ఒక షరతు పెట్టినాడు.

"ఈ ఎండాకాలం పెండ్లిళ్లు అయ్యేదాకనే. అయినాక నంద్యాలలో బ్యాంకు కోచింగుకు పోవాల. మన మండలంలో కొట్టగూడదు. నా కండ్ల పడగూడదు. పోయిన చోటికల్లా అమ్మను ఎంటబెట్టుకోని పో."

అమ్మ అంటే నేను. నన్ను ఎవరూ అడగల. అడిగింటే మాత్రం వద్దంటానా? చీర మడతలు సరిచేసుకుంటి.

"ఎండాకాలం అయినాక గూడా జనం నన్నే కావాలని పిలిస్తే?" అనింది పిల్ల.

"పిలిచినప్పుడు చూద్దాంలే."

ఆ మాట చివర "లే" ఉంది చూడండి, దాన్ని పట్టుకునింది మా పిల్ల. వాకిలేసినోడు గడియ పెట్టకుండా పోయినట్టు కనపడింది దానికి.

ఆ లాప్‌టాపు పక్కన ఒక చిన్న పెట్టె ఉండాది. దాని మీద వరసగా ఎనిమిది గుంతలు, నొక్కితే రంగురంగుల దీపాలు.

"ఇదేందే, వామనగుంటలా?" అంటి.

"దీన్ని శాంప్లర్ అంటారు జేజీ. ఒక్కొక్క గుంతలో ఒక్కొక్క చప్పుడు దాచిపెడతాం. పాట పోతాండగా నొక్కితే పాట మీద ఆ చప్పుడు పడతాది."

చూపిచ్చింది. ఒక గుంత నొక్కితే ఒక్కసారి పలికి ఊరకుంటాది. ఇంకొకటి నొక్కితే, మళ్లీ నొక్కేదాకా గానుగెద్దు మాదిరి తిరుగుతానే ఉంటాది. మన చెయ్యి కొంచెం ముందుపడినా పరవాలేదంట, తాళం దెబ్బ వచ్చేదాకా ఆ పెట్టే కాచుకోని ఉండి అప్పుడు పలుకుతాదంట.

"మీ తాత కంటే మేలే ఇది. ఆయన ఏ మాటా కాచుకోని చెప్పిన పాపాన పోలే," అంటి.

మరి ఆ గుంతల్లో ముందుగానే కొన్ని చప్పుళ్లు వచ్చింటాయి. తుపాకి మోత, ఎవడిదో తెలియని నవ్వు, ఒక హారను. డోన్ కాడ రోడ్డు మీద లారీలన్నీ ఒక్కసారి అరిచినట్టుంటాది ఆ హారను. జిల్లాలో డీజే కొట్టే ప్రతి ఒక్కడూ దాన్నే కొడతాడు. కాకి వాలని యాగంటిలో గూడా ఆ హారను వాలింది.

"నాకు ఈ బాడుగ చప్పుళ్లు వద్దు జేజీ. మనయి కావాల," అని ఫోను పట్టుకోని ఊరంతా తిరిగింది. ఆళ్లగడ్డ బస్టాండులో కండక్టరు ఊపిరి తీయకుండా "నంద్యాల నంద్యాల నంద్యాల" అనేది పట్టకొచ్చింది. సుకన్య రోట్లో మిరపకాయలు దంచేది పట్టింది. బిందెలో నీళ్లు పడేది, మేకపిల్ల అరిచేది, దోసె పెనం మీద సుయ్యిమనేది, అన్నీ. ఒక గుంత ఖాళీగా పెట్టుకోని నా కాడికొచ్చింది.

"జేజీ, నీ కేక కావాల."

"నా కేకేందే?"

"కరెంటు కేక."

అది విని నాకు ఎన్ని ఏండ్లాయనో. ముందుకాలంలో కరెంటు అల్లుని మాదిరి. ఎప్పుడొస్తాదో చెప్పదు, వచ్చినాక ఎంతసేపుంటాదో చెప్పదు. మోటర్లేమో చేన్లలో ఉండె, మొగోళ్లు కలుపులోనో కోతలోనో ఉండిరి. ఊరి చివర మా మిద్దె. ఇంట్లో కరెంటు బుగ్గ వెలగడం ఆలస్యం, నేను మిద్దెక్కి రెండు చేతులు నోటి కాడ పెట్టుకోని "కరెంటొచ్చిందో!" అని ఒక్క కేకేస్తే, మా ఆయన అనంతయ్య చేతిలో పార ఆడ పారేసి మోటరు కాడికి ఉరికేటోడు. ఆయన ఎనకాల అవతల చేనోళ్లు, వాళ్ల ఎనకాల ఆపక్క చేనోళ్లు. ముందు నీళ్లు కట్టుకున్నోనిదే పంట. ఇప్పుడు పగలే ఇస్తాండారు, కొందరు మోటరు దానంతటదే తిరిగేటట్టు ఆటోమేటిక్ పెట్టించుకున్యారు. నా కేకకు పని లేకపాయ. ఆయన పోయినాక నేను ఎయ్యనూ లేదు.

"గొంతు యాడుందే నాకు?"

"ఉంటే వస్తాది, లేకుంటే దగ్గొస్తాది. ఎక్కు జేజీ."

సుకన్యను గూడా పిలుచుకోని మిద్దెక్కితిమి. రాజశేఖరు మార్కెట్ యార్డుకు పోయిండె. చేతులు నోటి కాడ పెట్టుకున్యా. పెట్టుకున్నాక గొంతును అడిగే పనే లేకపాయ, అదే వచ్చింది. "కరెంటొచ్చిందోఓఓ!"

కింద వాకిట్లో పండుకున్న మా ముసలి కుక్క లేచి, చెవులు నిక్కబొడుచుకోని, మోటరు కొట్టం దిక్కు ఒకటే ఉరుకు. మేం ముగ్గురు ఆడోళ్లం కడుపులు పట్టుకోని నవ్వితిమి. కుక్క ఏం చెప్పిందో మాకెవురికీ తలకెక్కలే.

మొదటి పెండ్లి నంద్యాలలోనే. సాల్మన్ రాజు మంచోడే గాని అర్చన చేతి మీద నమ్మకం లేదు. నన్ను చూసి ఇంకా బెదిరినాడు.

"పెద్దమ్మా, మీరు యాడ కూర్చుంటారు? ఆ బాక్సుల ముందర కూర్చుంటే గుండె జారుతాది."

"జారితే పట్టుకోడానికే కదా నాయనా, నువ్వుండేది," అని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంటి.

మెరవణి కదిలింది. మా పిల్ల బండి మీద నిలబడి ఆ గుంతలన్నీ వరసగా నొక్కింది. పాట మీద కండక్టరు, కండక్టరు మీద మేకపిల్ల, మేకపిల్ల మీద దోసె. ఎగరాలనుకున్న పిల్లోళ్లు కాళ్లు యాడ పెట్టాలో తెలియక నిలబడినారు. ఒకడు గట్టిగా, "ఏందప్పా ఇది, పెండ్లా బస్టాండా?" అన్నాడు. అందరూ నవ్విరి. సాల్మన్ రాజు బండెక్కి, "పాపా, చెప్పేది ఇను. హారన్ కొట్టు, జనం లేస్తారు," అన్నాడు. దానికి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి గాని హారన్ మాత్రం కొట్టలే. ఏ గుంతా ముట్టుకోకుండా ఉత్త పాటలతోనే మెరవణి ఇల్లు చేర్చింది.

తిరిగొస్తా బండిలో అడిగితి. "అర్చనా, అన్నంలో ఊరగాయ ఎంత ఏసుకుంటావే?"

"అంటే?"

"ఈ పొద్దు నువ్వు ఊరగాయలో అన్నం నంజుకున్యావు."

శిరివెళ్ల దాటినాక తనే నవ్వింది.

ఇంగ ఆ పొద్దుట్నించీ దాని పట్టుదల చూడాల. తెల్లారి లేస్తే చెవులకు హెడ్‌ఫోను డిప్పలు తగిలించుకోని ఆ పెట్టె ముందర కూర్చుండేది. చప్పుడు పాటకంటే పెద్దగుంటే పాట చస్తాది, చిన్నగుంటే చప్పుడు చస్తాది, రెండూ సమంగా కూడాలని ఒక్కొక్క గుంతను ఎన్నిసార్లు దిద్దిందో. చెయ్యి అలవాటు కావాలని పీట మీద ఉత్త వేళ్లతో దరువేసేది. పాట నిండుగా పోతాండేటప్పుడు ఏదీ ముట్టుకోదు. ఒక పాట పోయి ఇంకొక పాట వచ్చే సందు ఉంటాది కదా, ఆడ మాత్రం సుకన్య రోకలి దెబ్బను తిప్పుతా వదుల్తాది. దాని మీద పాత పాట దిగిపోతాది, కొత్త పాట ఎక్కుతాది. అతుకు కనపడదు. మంచి దర్జీ కుట్టిన రవికె మాదిరి.

నా కేకను మాత్రం మెరవణికి ఒక్కసారే. ఆట మంచి కాక మీద ఉన్నప్పుడు పాట టక్కున నిలిపేస్తాది. అందరూ పైకి చూస్తారు. ఆ నిశ్శబ్దంలో యాడనో దూరం నుంచి, చేన్ల అవతల నుంచి వచ్చినట్టు, "కరెంటొచ్చిందోఓఓ!" దాని ఎంటనే దబీమని దెబ్బ పడతాది. నంద్యాల టౌను పిల్లోళ్లకు పిచ్చెక్కింది. "ఇంకోసారి, ఇంకోసారి" అని బండి మీద గుద్దేటోళ్లు. ఇది ఎయ్యదు. ఫోన్లల్లో ఆ వీడియోలు తిరిగినాయి. దానికి "కరెంటు పాప" అని పేరొచ్చింది. సాల్మన్ రాజు పెద్దమ్మా అని నాకు సోడాలు తెచ్చిస్తాండె.

ఇది ఇట్ల ఉండగా గోస్పాడు దిక్కు ఒక పల్లెలో పెండ్లి వచ్చింది. పెండ్లికొడుకు నాయన శేషయ్య, మా సుకన్యకు పెదనాయన వరస. చుట్టాల పెండ్లి, రాజశేఖరు రాకుండా ఉండేదానికి లేదు. వచ్చినాడు. వచ్చి, "నా కండ్ల పడగూడదు" అన్న మాటను తనే కాపాడుకుందామని మెరవణిలో అందరికంటే ఎనకాల, మా బండికి వీపు పెట్టి నిలబడినాడు. నీలం గళ్ల చొక్కా. ఆ వీపును నేను బండిలోనుంచి చూస్తానే ఉండా.

ఆ ఊర్లో చేన్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలి దినాలు గడుస్తాండాయంట. బోర్ల కింద వరి పొట్ట మీద ఉండాది, మడులు నోళ్లు తెరిచినాయి. కొత్తది ఈ పొద్దు బిగిస్తారు, రేపు బిగిస్తారు అని ఊరంతా చెవి అటే పెట్టుకోని ఉండాది. అది మాకు తెలియదు. డీజే బండి దిగినోళ్లకు కరెంటు సంగతి ఎవరు చెప్తారు?

పొద్దు వాలింది. జీపు మీద పెండ్లికొడుకు, ముందర పిల్లోళ్ల ఆట, నడుమ ఆడోళ్ల హారతి పళ్లేలు, ఎనకాల పంచెలు కట్టిన పెద్దోళ్లు. మా పిల్ల మంచి ఊపు మీద ఉండాది. పాట నిలిపింది. గుంత నొక్కింది.

ఆ పూట ఆ కేక ఎట్ల కుదిరిందో, నా గొంతే అని తెలిసిన నాకే రోమాలు లేచినాయి. మడికట్ల అవతల నుంచి ఎవురో ఇల్లాలు నిజంగా అరిచినట్టే ఉండె.

దెబ్బ పడింది. ముందర పిల్లోళ్లు చేతులెత్తినారు. ఎనకాల సంజీవయ్య అని ఒక పెద్దాయన, నిదానంగా పంచె ఎగ్గట్టినాడు. ఆటకేమో అనుకున్యా. ఆయన చేన్ల దిక్కు తిరిగి ఒకటే ఉరుకు. ఆయన ఎనకాల ఇంకొకరు. ఇంగ చూడాల! శేషయ్య చేతిలో కొబ్బరికాయ ఉంటే పక్కనున్న ఆమె చేతిలో పెట్టేసి ఆయన గూడా. ఆటోమేటిక్ పెట్టించుకున్నోళ్లు గూడా ఉరికిరి. జీపు మీద పెండ్లికొడుకు లేచి నిలబడి, "నాయనా, రెండో మోటరు నేను చూస్తా!" అని కాలు కింద పెట్టబోతే, మేనత్తలిద్దరు చెరొక రెక్కా పట్టి కూర్చోబెట్టినారు.

ఆ ఉరికేటోళ్లలో నీలం గళ్ల చొక్కా కనపడె.

మన చేను ఆడ యాడుంది? ఆళ్లగడ్డ కాడ ఉంది. నా కొడుకేమో గోస్పాడు మడికట్ల మీద, ఒక కాలి చెప్పు జారిపోయినా చూసుకోకుండా ఉరుకుతాండాడు. కాలికి ఊరు తెలుస్తాదా? సగం దూరం పోయినాక ఒక్కసారి నిలబడినాడు. ఎనక్కి తిరిగి మా బండిని చూసినాడు. అట్లే నిలబడినాడు.

మెరవణిలో ఆడోళ్లు, పిల్లోళ్లు, హారతి పళ్లేలు మిగిలినాయి. అర్చన పాట నిలిపేసింది. సాల్మన్ రాజు, "అయిపాయ," అని తల మీద చెయ్యి పెట్టుకున్యాడు.

మొగోళ్లు తిరిగొచ్చినారు. మోటరు స్టార్టర్లు నొక్కి నొక్కి చూసొచ్చినారు పాపం. శేషయ్య రొప్పుతా, "ఎవురే ఆ కేకేసింది?" అన్నాడు.

నేను బండి దిగితి. "నేనేప్పా."

"నువ్వా? నువ్వు యాడుండి ఏసినావు?"

"ఆ పెట్టెలో ఉండి."

పిల్లోళ్లు పకపకా నవ్వినారు. శేషయ్య నవ్వలే. సంజీవయ్య మట్టికాళ్లతో ముందుకొచ్చి, "మా మడి ఎండుతాంటే మీకు ఆటగా ఉందా తల్లీ?" అన్నాడు. కోపం కాదు అది. కోపమైతే బాగుండు. నవ్వేటోళ్లు గూడా నోళ్లు మూసుకున్యారు.

అర్చన బండి దిగొచ్చి ఆయన ముందర నిలబడింది.

"తప్పు నాది పెద్దాయనా. ఊరి సంగతి అడక్కుండా నొక్కినా. ఆ కేక ఇంగ ఈ ఊర్లో పలకదు." శేషయ్య దిక్కు తిరిగి, "మెరవణి మాత్రం ఇంటి దాకా నేనే తీసుకపోతా తాతా. వేరేవోళ్లను పిలుచుకుంటామంటే పిలుచుకోండి, వాళ్లు నంద్యాల నుంచి వచ్చేసరికి ముహూర్తం దాటతాది," అనింది.

శేషయ్య దాన్ని కిందనుంచి పైదాకా చూసినాడు. "పొగరు తక్కువేం లేదు. ఎక్కు. కొట్టు," అన్నాడు.

ఎక్కింది. హారను లేదు, రోకలి లేదు, ఏ గుంతా లేదు. ఉత్త పాటలు, ఒకదాని ఎనకాల ఒకటి, ముందర జనం ముఖాలు చూసుకుంటా. మా రాజశేఖరు ఒక చెప్పు చేతిలో పట్టుకోని మా బండి పక్కన నడిచినాడు. ఎవురన్నా పిల్లను ఒక మాట అనబోతే వాడు అటు తిరిగి చూస్తాండె. ఇల్లొచ్చేదాకా అట్లే నడిచినాడు.

భోజనాలు కానిచ్చుకోని మా బండిలోనే ఎక్కినాడు. సగం దారి వచ్చినాక ముందుకే చూస్తా అడిగినాడు.

"అంత దూరం నుంచి వచ్చినట్టు ఎట్ల చేసినావు దాన్ని?"

"జేజి గొంతులో పదును కొంచెం తగ్గిచ్చినా నాయనా. చేన్లలో గాలికి పదును పోతాది కదా. మొదట ఎనకపక్క బాక్సుల్లో చిన్నగా వదిలి, తర్వాత ముందరి బాక్సుల్లోకి తెచ్చినా."

"ఊఁ."

ఇంకొంచెం దూరం పోయినాక, "చిన్నప్పటి మాదిరి ఎనకాల మా నాయన ఉరికొస్తాండాడు అనుకున్యా," అన్నాడు.

నేను కిటికీ దిక్కు తిరిగి కూర్చుంటి.

అంతటితో మారిపోయినాడు అనుకుంటే పొరపాటే. గోస్పాడు సంగతి మాకంటే ముందే ఆళ్లగడ్డ చేరింది. వీడు టీ బంకు కాడికి పోతే, "రాజశేఖరన్నా, గోస్పాడులో ఎన్నెకరాలు కొంటివి?" "మాకు చెప్పకుండా బోరు గూడా ఏపిచ్చినావా?" ఒకడైతే, వీడు టీ గ్లాసు నోటి కాడ పెట్టుకున్నప్పుడు ఎనకాల నుంచి సన్నగా "కరెంటొచ్చిందో" అన్నాడంట. పల్లెల్లో కుదిరిన పెండ్లిళ్లు ఒకటొకటే వద్దన్యారు. "ఆ పిల్ల వద్దులేప్పా, మా చుట్టాలు కూడు కాడినుంచి లేచి ఉరుకుతారు," అన్యారంట.

సుకన్య బతిమాలింది. "ఆ కేక ఒకటి తీసెయ్యే. తీసేస్తే మర్చిపోతారు."

"తీయనమ్మా. కేక తప్పేముంది? నేను పెట్టెను చూస్తా నొక్కినా, మనుషులను చూడలే. తప్పు ఆడ ఉంది," అనింది. మళ్లీ డిప్పలు తగిలించుకోని కూర్చునింది. టౌను పెండ్లిళ్లు అయిపోయినాయి, పల్లెల్లో పిలిచేటోడు లేడు, ఇది మాత్రం దిద్దుతానే ఉండాది. బ్యాంకు కోచింగు కాగితం గూట్లో కాచుకోని ఉండాది.

ఎండాకాలంలో ఆఖరి ముహూర్తం దగ్గరపడింది. ఒక పొద్దున సాల్మన్ రాజు వచ్చినాడు. ఎంట ఆళ్లగడ్డ ఓబులమ్మ. ఆమె ఒకప్పుడు మా పక్కచేని ఇల్లాలు, పిల్లోళ్ల చదువులకని టౌనుకు పోయింది. మనవని పెండ్లి.

"నాకు ఆ హారన్లు గీరన్లు వద్దు," అనింది ఓబులమ్మ నా దిక్కు చూపిస్తా. "నాగేశ్వరక్క కేక కావాల. కాపరానికొచ్చిన కొత్తలో ఆ కేకకు మా ఆయన ఉరికితే, ఆయన ఎనకాల పార ఎత్తుకోని నేను ఉరికేదాన్ని. నవ్వుకుంటారంటే నవ్వుకోనీ. కరెంటు పాపే కొట్టాల."

అందరం రాజశేఖరు దిక్కు చూస్తిమి. పెండ్లి ఆళ్లగడ్డలో. మన మండలం. వాడు అన్నం కాడ ఉండాడు.

అర్చన ఎదురుగా పోయి కూర్చునింది. "నన్నే కావాలని పిలుస్తాండారు నాయనా. పిలిచినప్పుడు చూద్దాంలే అంటివి. పిలిచినారు. చూడు."

వాడు ముద్ద మింగినాడు. నీళ్లు తాగినాడు.

"పిలిచేదానికి కేక పెట్టుకుంటివి," అన్నాడు. "ఎనక్కి రమ్మనేదానికేదీ?"

పిల్లకు అర్థం కాలే. నాకు అయింది. ఒక్కొక్కప్పుడు బుగ్గ వెలిగి వెలగకముందే పోయేది. మిద్దె మీద నుంచి నేను అరిచేసింటా, చేన్లన్నీ ఉరకబట్టింటాయి. అప్పుడు ముందు మోటరు చేరినోడు స్టార్టర్ నొక్కి చూసి, అందరికీ వినపడేటట్టు ఎదురు కేకేసేటోడు. "ఉత్తదేలేప్పో! రాండీ!" అది వినపడితే ఉరికేటోళ్లంతా ఆడికాడ నిలబడి, నవ్వుకుంటా ఎనక్కి తిరిగేటోళ్లు. మా ఆయనదే ఎప్పుడూ ఆ కేక.

"ఒక కేక వదిలి ఇంకొకటి లేకపోతే ఉరికినోళ్లు ఉరుకుతానే ఉంటారు," అన్నాడు రాజశేఖరు. చెయ్యి కడుక్కున్యాడు. "ఫోను ఎత్తుకోని మిద్దెక్కు. నేను మోటరు కాడికి పోతా."

"ఈడనే చెప్పు నాయనా, దూరం నేను చేస్తా."

"దొంగ దూరం ఎందుకు? నిజం దూరమే ఉందిగా."

చెప్పులేసుకోని పోయినాడు. కుక్క ఎంటబడింది. మేం మిద్దె మీద నిలబడితే, ఎండలో మోటరు కొట్టం కాడ చిన్నగా కనపడినాడు. రెండు చేతులు నోటి కాడ పెట్టుకున్యాడు. పెట్టుకోని ఊరకే నిలబడినాడు. సిగ్గేమో. నేను ఉండబట్టలేక ఈ పక్కనుంచి ఒక కేక ఏస్తి: "కరెంటొచ్చిందోఓఓ!" దానికి వాని గొంతు లేచి పలికింది:

"ఉత్తదేలేప్పో! రాండీ! ఆడండీ!"

"ఆడండీ" అనేది వాడే కలిపినాడు. ముందుకాలంలో అది లేదు.

ఆళ్లగడ్డ మెరవణిలో జనం ఇంతా అంతా కాదు. నవ్వుదామని వచ్చినోళ్లే సగం. టీ బంకు వాళ్లంతా ముందర్నే నిలబడిరి. మా పిల్ల సగం మెరవణి దాకా ఏ గుంతా ముట్టుకోలే. పెట్టెను చూసేదే లేదు, జనం ముఖాలే చూస్తాండె. రాజశేఖరు ఎనకాల లేడు. బండికి ఆనుకోని, మా దిక్కే తిరిగి నిలబడినాడు, అదే నీలం గళ్ల చొక్కాతో.

పాట నిలిచింది.

దూరం నుంచి నా గొంతు వచ్చింది. ఇది డీజే అని తెలుసు, పాప ఎవురో తెలుసు, గోస్పాడు కథ తెలుసు, అయినా పంచెలు కట్టిన ప్రతి మనిషీ, టీ బంకు కాడ వెక్కిరించిన వాడితో సహా, చేన్ల దిక్కు తిరిగి ఒక కాలు ఎత్తినాడు. ఓబులమ్మ గూడా ఎత్తింది.

మా పిల్ల వేలు పక్క గుంత మీద ఉంది. నొక్కలే. ఒక్క రవ్వ కాచుకునింది. నొక్కింది.

"ఉత్తదేలేప్పో! రాండీ! ఆడండీ!"

ఎత్తిన కాలును ఎంతసేపని పట్టుకుంటారు? దించాల గదా. దించేటప్పటికి దెబ్బ పడింది. చేనికి ఎత్తిన కాలు ఆటలో పడింది.